గుడ్డి గుర్రానికి దాణా

"గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అనే సామెత వినని తెలుగువారు అరుదు. పని చేయలేక, తిండికి మాత్రం ముందుండే మనిషిని ఎత్తిపొడవడానికి ఈ మాట వాడుతారు. అత్తవారింట తిష్ఠ వేసిన అల్లుని గురించీ, కచేరీలో సంతకం తప్ప మరేమీ చేయని గుమాస్తాను గురించీ, చివరకు మంచం పట్టిన ముసలితండ్రిని గురించి కూడా ఇదే మాట వినబడుతుంది. సామెతలు లోకానుభవం నుంచి పుట్టినవి, వాటిని తప్పు పట్టరాదు అని పెద్దలంటారు. ఐనప్పటికీ ఈ ఒక్క సామెతను కొంచెం నిలబెట్టి అడగవలసిన అవసరం ఉన్నది. ఆ గుర్రం ఎప్పుడు గుడ్డిదైనది? ఎవరి బండి లాగుతూ, ఏ దారి దుమ్ములో, ఎవరి కొరడా కొస తగిలి దాని కన్ను పోయినది? కళ్ళున్నన్ని ఏండ్లూ అది లాగిన బరువు లెక్కకు రాదు. కళ్ళు పోయిన తరువాత తిన్న గుగ్గిళ్ళు మాత్రం గింజ గింజా లెక్కకు వస్తాయి. ఇది ఎక్కడి ధర్మం?

ఈ ప్రశ్న ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలకు బాగా వర్తిస్తుంది. ఒకప్పటి కరీంనగర్ జిల్లాలోని ఈ మూడు ఊళ్ళూ 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనతో రెండు జిల్లాలలోకి చేరినవి. జగిత్యాల ఒక జిల్లాకు కేంద్రమైనది. కోరుట్ల ఆ జిల్లాలోనే ఉన్నది. సిరిసిల్ల రాజన్న పేరిట మరొక జిల్లాకు కేంద్రమైనది. జిల్లాల పేర్లు మారినా జనుల బ్రతుకుతెరువు మారలేదు. జగిత్యాల, కోరుట్ల చుట్టుపట్ల వరి, పసుపు పండించే రైతులు ఉన్నారు. ఇంటి అరుగుమీద బీడీలు చుట్టే స్త్రీలు ఉన్నారు. గల్ఫు దేశాలకు వలసపోయి వచ్చిన మగవారు ఉన్నారు. సిరిసిల్లలో మరమగ్గాన్ని నమ్ముకొన్న నేతపనివారు ఉన్నారు. వీరిలో నెల జీతం, సెలవు దినం, పదవీ విరమణ అనే మాటల రుచి ఎరిగినవారు బహు తక్కువ. యౌవనంలో తలా ఒక దిక్కుకు పోయిన స్నేహితులు అరవయ్యో ఏట తిరిగి వచ్చి ఒకే చెట్టు కింద, ఒకే గద్దె మీద కలుసుకొంటున్నారు. కూర్చున్నవారందరి ముందూ ఒకే ప్రశ్న ఉన్నది. చేతులాడని నాడు కంచంలోకి అన్నం ఎక్కడి నుంచి రావాలి? దీనికి జవాబు వెదకడం, ఆ గద్దె మీది వారిలో అందరికంటె ముందు పని పోగొట్టుకొన్నవానితో మొదలుపెట్టడం న్యాయం. అతడు టాంగావాలా.

కోస్తా వారు జట్కా అన్న బండినే తెలంగాణంలో టాంగా అన్నారు. దాని చరిత్ర ఇక్కడి రోడ్ల చరిత్రతో ముడిపడి ఉన్నది. నిజాం ప్రభుత్వం 1932 జూన్‌లో తన రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా శాఖను ఏర్పరచినపుడు దానికి ఉన్నవి 27 బస్సులు, 166 మంది సిబ్బంది. సర్కారీ బస్సులు ఎంత పెరిగినా, పెద్ద రోడ్డు దిగి పల్లెలోకి రావడానికి వాటికి చాలా కాలం పట్టినది. రైలు సంగతి చెప్పనక్కరలేదు. పెద్దపల్లి నుంచి జగిత్యాల, కోరుట్లల మీదుగా నిజామాబాదు వరకు రైలుమార్గం పూర్తి అయ్యేసరికి 2017 వచ్చినది. బస్సు దిగిన చోటికీ, మనిషి ఇంటి గడపకూ నడుమ మిగిలిన దూరాన్ని తెలంగాణపు చిన్న పట్టణాలన్నింటిలోనూ ఎడ్లబండో, టాంగాయో పూరించవలసి వచ్చేది. పురిటినొప్పులు పడే ఇల్లాలు, కొత్తగా కాపురానికి వచ్చే పెళ్ళికూతురు, బదిలీ మీద వచ్చిన పంతులు, బస్తా మీద బస్తా వేసుకొన్న కోమటి ఆ బండిలోనే ఎక్కినారు. కొండగట్టు అంజన్నకో, వేములవాడ రాజన్నకో, ధర్మపురి నరసింహస్వామికో మొక్కు చెల్లించబోయే ముసలివారికి చివరి మజిలీలో అదే ఆధారం.

ఈ సీమలో గుర్రానికి మరొక ముఖం కూడా ఉండేదన్న సంగతి మరువరాదు. గుర్రమంటే పల్లెవానికి మొదట గుర్తుకు వచ్చేది దొర. గుర్రమెక్కిన వాడు పైన, దారి పక్కన చెప్పులు చేత పట్టుకొని నిలుచున్నవాడు కింద. దొర బండి కదిలితే దాని ముందొకడు, వెనుకొకడు పరుగెత్తవలసిన వెట్టి తెలంగాణమంతటా ఉండేది. పరుగెత్తినవానికి కూలి లేదు, పరుగెత్తలేని వయసు వచ్చినపుడు మన్నింపు లేదు. ఆ వెట్టికి ఎదురు తిరిగిన రైతుకూలీలు 1978 సెప్టెంబరులో జగిత్యాలలో జరిపిన ఊరేగింపు జైత్రయాత్ర అనే పేరుతో చరిత్రకెక్కినది. ఆ మరుసటి నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించినది. ఆ పోరాటం గురించి ఎవరి అభిప్రాయం ఏదైనా కావచ్చును. మనిషి చేసిన పనికి వెల కట్టి ఇవ్వవలసినదే అన్న మాట మాత్రం ఈ నేల మీద ఆనాడు గట్టిగా వినబడినది. ఆ మాటకు ఇంకొక సగం ఉన్నది, అది నేటికీ పూర్తిగా వినబడలేదు. పని చేసి అలసిన మనిషికి విశ్రాంతి కూడా ఆ వెలలో భాగమే అన్నది ఆ రెండవ సగం.

దొర గుర్రం వేరు, టాంగావాలా గుర్రం వేరు. టాంగావాలాకు అది హోదా చిహ్నం కాదు. పొత్తులో కలిసిన భాగస్వామి. తెల్లవారుజామున అతడు లేచి మొదట చూచేది దాని గిట్టలను. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి లాడాలు మార్చకపోతే గిట్ట పగిలి గుర్రం కుంటుతుంది. గుర్రం కుంటిననాడు ఇంట్లో పొయ్యి వెలగదు. ఉలవలు ఉడికించి గుగ్గిళ్ళు చేసి పెట్టాలి. ఒక్కసారిగా ఎక్కువ పెట్టరాదు. గుర్రం కడుపు దాని ఒంటితో పోలిస్తే చిన్నది, మేత మితిమీరితే శూల వచ్చి ప్రాణం మీదికి తెస్తుంది. గుర్రం నిలుచుండే కునుకు తీస్తుంది. కాళ్ళలోని నరాలూ కీళ్ళూ అందుకు తగినట్లు బిగుసుకొనే ఏర్పాటు దానికి ప్రకృతి ఇచ్చినది. ఐనా గాఢనిద్రకు మాత్రం అది పడుకోవాలి. పడుకోవడానికి భయం లేని చోటు కావాలి. ఆ చోటు టాంగావాలా తన గుడిసె పక్కనే చేసి ఇచ్చేవాడు. వానపడితే మొదట తడిసేది మనిషి మంచమే. విరటుని కొలువులో నకులుడు అశ్వపాలకుడై ఏడాది గడిపినాడని భారతం చెబుతుంది. రాజపుత్రుడు ఒక ఏడాది చేసిన ఆ పని టాంగావాలాకు జీవితాంతం తప్పలేదు.

ఈ వర్ణన విని టాంగా కాలం స్వర్ణయుగమని ఎవరూ భ్రమపడనక్కరలేదు. కాడి ఒరిసి మెడమీద పుండ్లు పడిన గుర్రాలు, ఎత్తు ఎక్కలేక మోకాళ్ళమీద కూలబడిన గుర్రాలు ఆ రోడ్లమీదనే ఉండేవి. పేదవాని చేతిలో పేద జంతువు పడే కష్టం కళ్ళారా చూచినవారు ఆ బండి మళ్ళీ రావాలని కోరరు. ఆటో వచ్చినది, మోటారు సైకిలు వచ్చినది. గుర్రానికి ఆ బరువు తప్పినది. 2012లో దేశమంతటా 6 లక్షలకు పైగా ఉన్న గుర్రాలు, పొట్టి గుర్రాలు 2019 పశుగణనలో 3 లక్షల 40 వేలకు దిగినవి. ఏడేండ్లలో దాదాపు సగం. యంత్రం రావడంలో తప్పు లేదు. యంత్రం వచ్చిన తరువాత పక్కకు తొలగినవారి బాకీ ఎవరు తీర్చాలన్నదే తేలవలసిన విషయం.

ఈ బాకీ గురించి శాసనం ఏమంటున్నదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం, వయసు చేతగాని, రోగం చేతగాని, పుండు చేతగాని పనికి తగని జంతువుతో పని చేయించడం నేరం. పోషకుడు దానికి చాలినంత మేత, నీరు, నీడ ఇవ్వకపోవడం నేరం. ఆకలిదప్పులతో అలమటించే స్థితిలో దానిని విడిచిపెట్టడం కూడా నేరమే. ఇక 1965లో వచ్చిన నిబంధనలు ఇంకా వివరంగా ఉన్నవి. బండి లాగే జంతువుతో రోజుకు మొత్తం 9 గంటలకు మించి పని చేయించరాదు. విరామం లేకుండా 5 గంటలకు మించి నడిపించరాదు. వేడిమి 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు కాడి కట్టనేరాదు. తోలేవానినీ, ఆరేండ్ల లోపు పిల్లలనూ మినహాయిస్తే బండిలో నలుగురికి మించి ఎక్కరాదు. ఎండాకాలంలో జగిత్యాల ప్రాంతపు వేడిమి ఏమిటో అక్కడివారికి చెప్పనక్కరలేదు. వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నం గుర్రానికి చట్టం నీడ చూపినది. అదే వేళ, రేకుల కప్పు కింద పన్నెండు గంటల పాళీ మీద మరమగ్గం నడిపేవానికి ఆ నీడ దొరకలేదు. మనుషులకు చట్టాలు లేవని కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మనిషికి కూడా రోజుకు 9 గంటలే అన్నది. ఆ చట్టం చిన్న షెడ్డు గడప దాటి లోపలికి పోవడం అరుదు.

కాగితం మీద గుర్రానికి దక్కిన ఈ హక్కులు చేతలలో ఎంతవరకు దక్కినవి? మొదటి తప్పుకు చట్టం వేసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. ముసలి గుర్రంతో పని చేయించరాదు, దానిని విడిచిపెట్టనూరాదు అన్న చట్టం, పని చేయని గుర్రానికి ఉలవలు ఎక్కడి నుంచి తేవాలో చెప్పలేదు. బండి తిరిగితేనే గుగ్గిళ్ళు కొనగలిగినవాడు, బండి ఆపి దానిని ఏండ్ల తరబడి మేపాలట. అతడు చేయగలిగినది ఒకటే, అమ్ముకోవడం. పట్నం టాంగాకు చేతకాని గుర్రం ఇటుకబట్టీకి పోతుంది. అక్కడా చేతకాకపోతే ఇంకా తక్కువ ధరకు ఇంకా బీదవాని చేతికి పోతుంది. మెట్టు దిగినకొద్దీ బరువు పెరుగుతుంది, మేత తరుగుతుంది. మెత్తని మనసున్నవాడు మాత్రం చెరువు శిఖంలో వదలి, రోజూ సాయంత్రం పోయి చూచివచ్చేవాడు. ఈనాడు ఆ శిఖం భూములలో కూడా చాలా భాగం ఆక్రమణల పాలైనవి.

ఈ కథ ఒక్క తెలంగాణపుది కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఈజిప్టు, పాలస్తీనా రంగాలలో పోరాడిన సేనలలో నిజాం రాజ్యపు అశ్వికదళం కూడా ఉన్నది. యుద్ధం ముగిసిన తరువాత ఆంగ్లసేన తన గుర్రాలను వేల సంఖ్యలో కైరో బజారులో అమ్మివేసినది. 1930లో ఒక సేనాని భార్యగా ఆ నగరానికి వచ్చిన డొరొతీ బ్రూక్ వీధులలో ఎముకలు తేలి, కళ్ళు పోయి, ఇంకా బండ్లు లాగుతున్న ఆ గుర్రాలను చూచినది. ఆమె 1931లో లండను పత్రికకు ఒక లేఖ వ్రాసి, ప్రజల నుంచి వచ్చిన విరాళాలతో సుమారు 5000 గుర్రాలను కొన్నది; 1934లో కైరోలో వాటికి ఒక వైద్యశాల నెలకొల్పినది. ఇందులో గమనింపదగిన విషయం ఆమె దయ మాత్రమే కాదు. ఆ గుర్రాలను తోలుతున్నవారు కూడా నిరుపేదలే. గుర్రాన్ని ఊరికే లాగుకొనిపోతే వారి కడుపు కాలుతుంది. అందుచేత ఆమె వెల ఇచ్చి కొన్నది. జంతువు విశ్రాంతికీ, దానిని నమ్ముకొన్న మనిషి అన్నానికీ విడదీయరాని సంబంధం ఉన్నదని ఆ వెల చెబుతున్నది. గుర్రాన్ని మాత్రమే చూచి మనిషిని చూడని దయ అక్కరకు రాదు. మనిషిని మాత్రమే చూచి గుర్రాన్ని మరిచే న్యాయం కూడా అంతే.

ఇక మనిషి సంగతి. సర్కారు ఉద్యోగికి విరమణ తేదీ నియామకపు నాటి కాగితంలోనే లెక్కకు వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2021లో ఆ వయసును 58 నుంచి 61కి పెంచినది. ఆనాడు కార్యాలయంలో సభ జరుగుతుంది, శాలువా కప్పుతారు, నాలుగు మంచిమాటలు చెబుతారు, సహచరులు ఇంటిదాకా దిగబెడతారు. టాంగావాలాకు అటువంటి తేదీ లేదు. గుర్రం కన్నుమూసిన రోజే అతని పదవీ విరమణ. ఊరి బయట గొయ్యి తవ్వి దానిని పూడ్చివచ్చిన సాయంత్రం అతని చేతిలో పగ్గాలు మాత్రం మిగులుతాయి. వాటిని దండానికి తగిలించి అతడు చెట్టు కిందికి వచ్చి కూర్చుంటాడు. అక్కడ అతని కోసం ఎదురుచూచేవారు ఎవరు? బడి విడిచిన నాటి నుంచి తెలిసిన ఆ నలుగురే. "ఏందిరా, ఇగ ఎన్నేండ్లు తోల్తవ్?" అని ఏటా అడిగే నేస్తం ఆనాడు ఆ మాట అడగడు. "అది నిలబడ్డనాడు నేను నిలబడ్త" అని అతడు ఏటా చెప్పిన జవాబు అందరికీ గుర్తే. బీడీ ఒకటి ముట్టించి చేతికి ఇస్తాడు. శాలువా లేని ఆ సభకు అదే సన్మానం.

ఆ నలుగురి కథలు కూడా భిన్నమైనవి కావు. సిరిసిల్ల నుంచి భీవండికి మగ్గాలు నడపడానికి పోయి, చూపు మందగించి, చెవులు మొద్దుబారి వచ్చినవాడు ఒకడు. జగిత్యాల పక్క పల్లె నుంచి గల్ఫుకు పోయి, రెండేండ్లకో మూడేండ్లకో ఒకసారి ఇంటి ముఖం చూచి, నడుము వంగిన తరువాత వచ్చినవాడు ఒకడు. ఎమిరేట్సు చట్టం ప్రకారం అతనికి రావలసినది తొలి అయిదేండ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆ పైన ఏడాదికి 30 రోజుల చొప్పున ఒకసారి ఇచ్చే మొత్తం. నెలనెలా వచ్చే పింఛను అక్కడి పౌరులకే గాని అతనికి కాదు. తెచ్చిన సొమ్ము కూతురి పెండ్లికీ, తిరిగివచ్చేలోగా పెరిగిన అప్పుకూ చాలినదో లేదో! ఇక ఆ గద్దె మీద కనిపించని స్నేహితులు కూడా ఉన్నారు. వారు స్త్రీలు. కోరుట్ల, మెట్‌పల్లి వాడలలో చేటలో తునికాకు పెట్టుకొని వేయి బీడీలకు ఇంత అని లెక్కగట్టి చుట్టే ఆడవారికి చెట్టు కింద కూర్చునే తీరిక ఏ వయసులోనూ లేదు. ఒక అరుగు మీద నలభై ఏండ్లు కలిసి చుట్టిన ఇద్దరు స్త్రీల స్నేహం ఎంత గట్టిదో, వారి వేళ్ళు ఆకును కత్తిరించే వేగం తగ్గినపుడు కంపెనీ లెక్కలో వారి విలువ అంత త్వరగా తగ్గుతుంది. భవిష్యనిధి ఉన్నవారికి 2014 సెప్టెంబరులో కేంద్రం నిర్ణయించిన కనీసపు పింఛను నెలకు 1000 రూపాయలు. అది కూడా లేనివారు ఎందరో.

ఈ లోటు ప్రభుత్వాలు గుర్తించలేదని అనడం అన్యాయం. తెలంగాణలో 2014 నవంబరులో ఆసరా పింఛనులు ప్రారంభమైనవి. వృద్ధులతోపాటు బీడీ కార్మికులకు, యాభై ఏండ్లు దాటిన నేతపనివారికి, గీతపనివారికి అందులో చోటు కల్పించినారు. వృద్ధులకు ఇచ్చే మొత్తం 2019లో నెలకు 2016 రూపాయలైనది. అర్హత వయసు 65 నుంచి 57కు తగ్గి, 2022 ఆగస్టు నుంచి అమలుకు వచ్చినది. ఇది చిన్న మేలు కాదు. ముసలి తల్లి చేతిలో నెలకొకసారి తన సొమ్మనేది కనబడినపుడు కోడలి మాటతీరు మారిన ఇండ్లు పల్లెపల్లెనా ఉన్నవి.

ఐతే ఈ పింఛను మీద పట్టణాలలో కూర్చున్న బుద్ధిమంతుల నుంచి ఒక ఆక్షేపణ తరచు వినబడుతున్నది. ఇవన్నీ ఉచితాలట, పన్ను కట్టేవారి సొమ్ము పనిచేయనివారికి పంచిపెట్టడమట. గుడ్డి గుర్రం సామెత ఇక్కడ కొత్త చొక్కా తొడుగుకొని వచ్చినది. ఈ మాట అనేవారు ఒక్క సంగతి ఆలోచించాలి. నలభై ఏండ్లు బండి లాగినవాడు ఆ నలభై ఏండ్లూ పూర్తి కూలి పుచ్చుకొన్నాడా? పుచ్చుకొని ఉంటే అరవయ్యో ఏటికి అతని చేతిలో ఏదో మిగిలి ఉండవలసినది. అతనికి ఇచ్చినది ఆనాటి ఆకలికి చాలినంత మాత్రమే. అతని కూలిలో ముసలితనపు అన్నాన్ని చేర్చి ఇవ్వలేదు గనుకనే బండి కిరాయి చౌక, బీడీ చౌక, గుడ్డ చౌక. ఆ చౌకను అనుభవించినవారు అందరూ ఆ మేరకు అతనికి బాకీపడినారు. ఉద్యోగి పింఛనును ఎవరూ ఉచితమనరు. అది అతని సేవకు వాయిదా వేసి ఇచ్చే ప్రతిఫలమని న్యాయస్థానాలు కూడా అంగీకరించినవి. 1982 డిసెంబరులో నకారా అనే విశ్రాంత ఉద్యోగి వ్యాజ్యంలో మన సర్వోన్నత న్యాయస్థానం పింఛను యజమాని దయ మీద ఆధారపడిన బహుమానం కాదని స్పష్టంగా తీర్పు చెప్పినది. బల్ల ముందు కూర్చుని చేసిన సేవకు వర్తించిన న్యాయం, మగ్గం ముందు నిలబడి చేసిన సేవకు, బండి మీద కూర్చుని చేసిన సేవకు వర్తించకపోవడానికి కారణం ఏమీ కనబడదు.

ముసలివారిని చూడవలసినది బిడ్డలే గదా అనేవారు కూడా ఉన్నారు. నిజమే. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో చట్టం వచ్చినది. వృద్ధులను విడిచిపెట్టినవారికి మూడు నెలల వరకు ఖైదు గాని, 5000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునని అది చెబుతున్నది. జంతువును విడిచిపెట్టడం నేరమని 1960లోనే చెప్పిన దేశానికి, ముసలిమనిషి విషయంలో ఆ మాట చెప్పడానికి మరి నలభై ఏడేండ్లు పట్టినది. ఐనా ఆ బిడ్డ కూడా కిరాయి ఆటో తోలేవాడో, దుబాయిలో అప్పు తీర్చుకొంటున్నవాడో ఐనపుడు చట్టం ఎవరిని దండించాలి? పేదవాని ముసలితనాన్ని మరొక పేదవాని మెడకు కట్టడం, ముసలి గుర్రాన్ని ఇటుకబట్టీకి అమ్మడం వంటిదే.

కాబట్టి చేయవలసిన పనులు కొన్ని ఉన్నవి. మొదటిది వయసు నిరూపణ. గుర్రం వయసు దాని నోటిలో వ్రాసి ఉంటుంది. అయిదో ఏటికి పూర్తి పళ్ళు వస్తాయి. ఎనిమిదో ఏటి దాకా కింది పళ్ళ మీది గుంటలు జత జతగా పూడుకొనిపోతాయి. సుమారు పదో ఏట పైదవడ కొస పంటి మీద చిగురు దగ్గర ఒక గాడి బయలుదేరి, ఇరవయ్యో ఏటికి పంటి అంచుదాకా దిగుతుంది. సంతలో ఎంత జిత్తులమారి ఐనా నేర్పరి కంటిని మోసగించడం కష్టం. మనిషికి ఆ సౌకర్యం లేదు. పుట్టినతేది వ్రాసుకొనని ఇంట పుట్టినవానికి ఆధారు కార్డులో ఎవరో అంచనాకు వేసిన సంవత్సరమే శిలాశాసనమైనది. ఆ అంకె పదేండ్లు తక్కువ పడితే పదేండ్ల అన్నం పోయినట్లే. కాని మనిషి వయసు కూడా ఒకచోట వ్రాసి ఉన్నది. అది అతని స్నేహితుల జ్ఞాపకంలో ఉన్నది. పోలీసు చర్య జరిగిన ఏడు పుట్టినవాడెవడో, ఫలానా కరువులో పాలు మానినవాడెవడో ఈడువారికి తెలుసు. గ్రామసభలో పదిమంది ఎదుట ఈడువారు ఇచ్చే సాక్ష్యాన్ని వయసుకు రుజువుగా స్వీకరించే పద్ధతి ఏర్పడాలి. అబద్ధసాక్ష్యానికి భయపడేవారు, ఒక ఊరి ముందు నిలబడి అబద్ధమాడడం కచేరీలో కాగితం పుట్టించడం కంటె కష్టమని గ్రహించాలి.

రెండవది, పని జరిగే నాడే ముసలితనపు పాలు తీసి ఉంచడం. మహారాష్ట్రలో మూటలు మోసే హమాలీల కోసం 1969లో మాథాడీ చట్టం చేసినారు. హమాలీకి ఒకే యజమాని ఉండడు. రోజుకు పది దుకాణాల మూటలు మోస్తాడు. అందుచేత ప్రతి దుకాణదారు నుంచి కూలిమీద కొంత రుసుము వసూలు చేసి, ఒక బోర్డు ద్వారా అతనికి భవిష్యనిధి, గ్రాట్యుటీ ఏర్పరచినారు. యజమాని ఒక్కడు లేనంత మాత్రాన బాకీదారు లేనట్లు కాదని ఆ చట్టం చూపినది. 2019లో కేంద్రం అసంఘటిత కార్మికులకు పెట్టిన పింఛను పథకంలో చేరడానికి వయసు 18 నుంచి 40 వరకే. చెట్టు కింద కూర్చున్నవారికి దానితో పని లేదు. సిరిసిల్ల గుడ్డ మీద, కోరుట్ల బీడీ మీద, గల్ఫుకు మనుషులను పంపే ఏజెంటు లాభం మీద మాథాడీ వంటి రుసుము వేసి, ఆ సొమ్మును ఈనాడు ముసలివారైనవారికే మొదట ఇవ్వడం అసాధ్యమేమీ కాదు.

మూడవది మిగిలిన గుర్రాలది. ఈ మూడు ఊళ్ళలో ఈనాడు గుర్రం కనబడేది ఎక్కువగా పెండ్లి ఊరేగింపులోనే. డప్పుల హోరులో, దీపాల వేడిలో బెదురుతూ నిలిచిన ఆ జంతువుకు కూడా ఒక ముసలితనం ఉన్నది. చెరువు శిఖంలో కొంత మేతభూమిని ఊరుమ్మడిగా నిలబెట్టి, పని మానిన గుర్రాలకు, ఎడ్లకు అక్కడ నీడా నీరూ కల్పించి, పశువైద్యుడు నెలకొకసారి వచ్చి చూచే ఏర్పాటు చేస్తే పంచాయతీకి అది మోయరాని బరువు కాదు. దాని ఆలనాపాలనకు మనుషులు ఎక్కడ దొరుకుతారని అడగనక్కరలేదు. గుర్రం గిట్టను చేతిలోకి తీసుకొని చూడగానే జబ్బు చెప్పగలవారు ఒకరిద్దరు ఇంకా ఆ చెట్ల కింద ఖాళీగా కూర్చుని ఉన్నారు. కూలి ఇచ్చి పిలిస్తే వారు మంచం దిగి వస్తారు.

ఈ మూడూ జరిగిననాడు పాత సామెతను తీసివేయనక్కరలేదు. దానిని అనే గొంతు మాత్రం మారుతుంది. ఎండాకాలపు సాయంత్రం, చెట్టు కింద నలుగురు ముసలివారు కూర్చుని ఉండగా, ఎవడో కుర్రవాడు శిఖంలో మేస్తున్న ముసలి గుర్రాన్ని చూపి, "దానికి కండ్లు కనపడయి గదా తాతా, ఇంకెందుకు మేపుతుండ్రు?" అని అడుగుతాడు. "గుడ్డిదైతేంది బిడ్డా, దాని దాణాకు తక్కువ లేదు" అని ఆ తాత చెబుతాడు. ఆనాటికి ఆ మాటలో ఎత్తిపొడుపు ఉండదు. ఊరు మాట తప్పలేదన్న నిబ్బరం ఉంటుంది. అటువంటి నిబ్బరం ముసలివారికి కలిగించగలిగిన ఊరే తన పనివారి రుణం తీర్చుకొన్న ఊరు.